ఎలర్జీ తగ్గించే విత్తనం రావాలె, కంపెనీ సంచిలో మాత్రం కాదు



పోయిన నెల మన సంఘం మీటింగులో నేనొక మాట ఎత్తితే సగం మంది నవ్వారు. సోయాలో, పల్లిలో ఎలర్జీ తగ్గించే విత్తనాల మీద మన సంఘం ఒక వైఖరి తీసుకోవాలన్నాను. "అన్నా, మద్దతు ధరకే దిక్కు లేదు, ఈ ఎలర్జీ గొడవ మనకెందుకు? అది ఏసీ రూముల రోగం" అని వెనుక నుంచి ఒకరన్నారు. ఇంకొకాయన లేచి, "హైబ్రిడ్లు, మందులు వచ్చినంక వచ్చిన రోగమది. మన పాత ఇత్తనం తింటే అదే పోతది" అన్నాడు. ఆ మాటకు చప్పట్లు కూడా పడ్డాయి. టైం అయిపోయిందని నన్ను కూర్చోబెట్టారు. ఆ రోజు చెప్పలేకపోయిందంతా ఇక్కడ రాస్తున్నాను. ఆ ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. ఇద్దరి మాటా తప్పు.

పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు మా మేనకోడలి కొడుకు, ఆరేళ్ల పిల్లగాడు, చావు అంచుదాకా పోయి వచ్చాడు. వాడికి పల్లి పడదు. మూడేళ్లప్పుడు పల్లి పట్టీ ముక్క తింటే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. అప్పటి నుంచి ఇంట్లో వాడి దరిదాపులకు పల్లి రానివ్వరు. వాడికీ తెలుసు. ఎవరేం పెట్టినా "ఇండ్ల పల్లి ఉన్నదా?" అని అడిగి తింటాడు. ఆ రోజు చెరువు కాడ బతుకమ్మలను సాగనంపినంక ఆడవాళ్లు సద్దులు పంచారు. వాడు నువ్వుల సద్దే అడిగి పెట్టించుకున్నాడు. పెట్టినామె పల్లి పొడిలో ముంచిన చెంచాతోనే నువ్వుల పొడి పెట్టింది. ఆమె తప్పేం లేదు. బతుకమ్మ కాడ చెంచాలు ఎవరు చూస్తారు? పది నిమిషాల్లో పిల్లగాడి పెదాలు ఉబ్బాయి, గొంతు బొంగురుపోయింది, ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. మొదట చూసినాయన పిత్తం ఎక్కువైందని గోళీ ఇచ్చాడు. మా మేనకోడలు ఏడ్చి గోల చేస్తే పెద్ద డాక్టరు వచ్చి తొడకు ఒక సూది వేశాడు. అడ్రినలిన్. కాసేపటికి పిల్లగాడు కళ్లు తెరిచి "తాతా, ఇంటికి పోదాం" అన్నాడు.

ఏసీ రూముల రోగమన్న తమ్ముడూ, మా మేనకోడలు బీడీలు చుడుతుంది. బ్యాంకు లోపలికి పోయినప్పుడు తప్ప ఏసీ గాలి ఆమెకు తగలదు.

మన దేశంలో దీని లెక్కలు తక్కువ. ఉన్నవాటిలో మనకు దగ్గరిది కర్ణాటకది. యూరప్ వాళ్లతో కలిసి బెంగళూరు, మైసూరు ప్రాంతంలో చేసిన సర్వే 2016లో అచ్చయింది. పెద్దవాళ్లకు రక్తపరీక్ష చేస్తే నూటికి 26 మందిలో ఏదో ఒక తిండి మీద శరీరం ఎదురుతిరిగే గుణం కనపడింది. అయితే పరీక్షతో పాటు తిన్నప్పుడు ఇబ్బంది కూడా పడినవాళ్లు నూటికి 1.2 మందే. అందులోనూ పల్లి కంటే పాలు, ఆపిల్ పేర్లే ముందున్నాయి. ఈ సంగతి దాచిపెట్టి మీకు భయం పుట్టించడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ లెక్కే మన దగ్గరా ఉందనుకుంటే లక్ష మందిలో 1,200 మంది. వాళ్లలో ఎందరికి "పిత్తం" అని గోళీలు ఇచ్చి పంపుతున్నారో ఎవరు చూశారు?

పైగా ఈ గింజలు మనం పండించేవే. మన బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి వైపు వానాకాలం వచ్చిందంటే సోయా. అందులో ఎక్కువ భాగం నూనె మిల్లుకు, కోళ్ల దాణాకు పోతుంది. కొంత మీల్ మేకరై హాస్టల్ పిల్లల కంచంలోకి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి బడి భోజనంలో పల్లి పట్టీ పెట్టారు. పల్లి, సోయా బలమైన తిండి, పేద పిల్లలకు కావలసిన తిండి. అవి తీసేయమని నేను అనను. కానీ ఇంట్లో పడని పిల్లవాడికి తల్లి వేరే వండుతుంది. హాస్టల్‌లో ఎవరు వండుతారు? ఉన్నింటి పిల్లలు పాకెట్ వెనుక అచ్చు చదువుకొని కొనుక్కుంటారు. ప్యాక్ చేసిన తిండి మీద పల్లి, సోయా, పాలు, గుడ్డు, చేపలు, గోధుమ లాంటివి ఉంటే ఎలర్జీ హెచ్చరిక రాయాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2020లో నియమం చేసింది. మంచిదే. ఆ జాబితాలో నువ్వులు లేవు. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వులను కూడా చేర్చారు. సంక్రాంతికి సకినాలు కాల్చుకునే మనకు నువ్వులంటే ఏమిటో వాళ్లు చెప్పాల్సిన పని లేదు గానీ, జాబితాలో మాత్రం వాళ్లే ముందున్నారు. ఇక బండి మీద బజ్జీకి, మిఠాయి దుకాణంలో విడి సరుకుకు అచ్చు ఎక్కడుంటుంది?

ఇప్పుడు రెండో అన్న మాటకు వస్తాను, పాత విత్తనం తింటే పోతుందన్నది. అన్నా, పాత విత్తనం మీద నీకెంత ప్రేమో నాకూ అంతే. కానీ ఎలర్జీ మందుల వల్ల గింజలోకి ఎక్కే విషం కాదు. అది గింజలో పుట్టుకతో ఉండే ప్రొటీన్ పని. మొలకకు తిండిగా గింజ దాచుకునే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. అందరి శరీరం వాటిని చుట్టంగా చూస్తే, కొందరి శరీరం దొంగగా చూస్తుంది. దొంగ వచ్చాడని ఇల్లంతా లేచి కర్రలు పట్టుకున్నట్టు, ఆ మనిషి ఒళ్లే వాపులు, దద్దుర్లు, ఊపిరాడకపోవడం తెచ్చుకుంటుంది. పల్లిలో ఆ ప్రొటీన్లకు శాస్త్రవేత్తలు ఆరా హెచ్ 1, 2, 3, 6 అని పేర్లు పెట్టారు. వాటిలో 2, 6 ఎక్కువ ప్రమాదకరమైనవి. మన తాతలు వేసిన పల్లిలోనూ అవి ఉన్నాయి. ఎరువు వేయని చేనులోనూ ఉంటాయి.

అయితే అన్ని రకాల్లో సమానంగా ఉండవు. అసలు సంగతి ఇక్కడే ఉంది. పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ మీకందరికీ తెలుసు. అక్కడి విత్తన బ్యాంకులో 15 వేలకు పైగా పల్లి రకాలు దాచారు. దేశదేశాల రైతుల కల్లాల నుంచి, గరిసెల నుంచి తెచ్చిన గింజలవి. అక్కడి శాస్త్రవేత్తలు, చైనావాళ్లు, ఇంకొందరు కలిసి పల్లికి తాతయిన ఒక అడవి మొక్క జన్యువులను చదివి 2016లో ప్రకటించారు. ఎలర్జీ తెచ్చే జన్యువులు ఎక్కడెక్కడున్నాయో అందులో గుర్తించారు. 2019లో అదే ఇక్రిశాట్ వాళ్లు గింజ తీసుకొని 5 రకాల ఎలర్జీ ప్రొటీన్లను కొలిచే పరీక్షను మెరుగుపరిచి ప్రచురించారు. కొలిచి చూస్తే రకానికి రకానికి మోతాదులో తేడా ఉంది. కొలవగలిగితే ఏరుకోవచ్చు. ఏరుకోగలిగితే సంకరం చేయవచ్చు.

పల్లిలో ఇది అంత సులువు కాదు. పల్లి రెండు అడవి జాతులు కలిసి పుట్టిన మొక్క, కాబట్టి ఒక తాత జన్యువును అణచినా రెండో తాతది మిగిలే ఉంటుంది. అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయం వాళ్లు జన్యువును నోరు మూయించే పద్ధతిలో ఆరా హెచ్ 2, 6 రెండింటినీ తగ్గించి 2008లో చూపించారు. ఆ ప్రొటీన్ తీసేస్తే గింజకు బూజు ఎక్కువ పడుతుందేమో, అఫ్లాటాక్సిన్ పెరుగుతుందేమో అని మనలాంటివాళ్లకు వచ్చే అనుమానం వాళ్లకూ వచ్చింది. పరీక్షిస్తే బూజు పెరగలేదు. అయినా పల్లి విషయంలో రైతు చేతికి విత్తనం రావడానికి ఇంకా చాలా దూరముంది.

సోయా కథ వేరు. మనం ఎక్కువగా వినాల్సింది ఇదే. సోయా పడనివాళ్లలో సగానికి పైగా మందికి ఇబ్బంది తెచ్చేది పీ34 అనే ప్రొటీన్. అమెరికాలో ఎలియట్ హెర్మన్ అనే శాస్త్రవేత్త బృందం 2003లో జన్యుమార్పిడి పద్ధతిలో దాన్ని నొక్కేసింది. పసిపిల్లల పాలపొడికి జీఎం సోయాను ఎవరు కొంటారన్న ప్రశ్న వచ్చి ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు వాళ్లు మన ముసలివాళ్లు చేసే పనే చేశారు. గింజలు వెతికారు. అమెరికా ప్రభుత్వ విత్తన బ్యాంకులోని 16 వేల సోయా రకాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఆ బ్యాంకుకు గింజలు ఎక్కువగా చైనా, కొరియా, జపాన్ రైతుల నుంచి వచ్చినవే. పీ34 దాదాపు లేని రకాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని దొరికాయి. వాటిని మంచి దిగుబడి రకంతో సంకరం చేశారు. అరుగుదలకు అడ్డుపడే ట్రిప్సిన్ ఇన్హిబిటర్, లెక్టిన్ అనే మరి రెండు ప్రొటీన్లు లేని రకాలతోనూ కలిపారు. మన ఊరి బర్రెకు ముర్రా సూది వేయించి, పుట్టిన పెయ్యకు మళ్లీ ముర్రా వేయించి తరం తరం రక్తం మార్చుకున్నట్టే, ప్రతి తరంలో కావలసిన గుణం నిలిచిందా లేదా చూసుకుంటూ పోయారు. దగ్గరదగ్గర పదేళ్లు పట్టింది. మోనికా ష్మిట్, హెర్మన్, ఇల్లినాయ్‌కి చెందిన థియోడర్ హైమోవిట్జ్ కలిసి 2015లో ఆ సోయాను ప్రకటించారు. మూడు ప్రొటీన్లు లేనిది కాబట్టి దానికి ట్రిపుల్ నల్ అని పేరు. జపాన్‌లో అంతకుముందే గామా కిరణాల పద్ధతిలో ఎలర్జీ ప్రొటీన్ తగ్గించిన యుమెమినోరి అనే సోయా వచ్చింది.

వీటితో సోయా ఎలర్జీ పూర్తిగా పోతుందా? పోదు. సోయాలో ఇంకా ఎలర్జీ ప్రొటీన్లు ఉన్నాయి. "ఎలర్జీ లేని సోయా" అని రేపు ఎవరైనా పెద్దక్షరాల్లో అచ్చు వేసుకొని వస్తే వాడు అబద్ధమాడుతున్నట్టు లెక్క. తగ్గిస్తుంది, అంతే. తగ్గడం చిన్న విషయం కాదు.

మన దేశం ఏం చేసిందంటారా? ఇందోర్‌లోని సోయా పరిశోధన సంస్థ ఎన్‌ఆర్‌సీ 127 అనే రకం విడుదల చేసింది. ట్రిపుల్ నల్‌లో తీసేసిన మూడింటిలో ఒకటైన ట్రిప్సిన్ ఇన్హిబిటర్ దాంట్లో లేదు. ఎలర్జీ కోసం కాదు, అరుగుదల కోసం చేశారు. అయినా మూడు మెట్లలో ఒక మెట్టు మన సర్కారు పైసలతో, మన శాస్త్రవేత్తల చేతులతో ఎక్కేశాం. ఆదిలాబాద్ పరిశోధన స్థానం "బాసర" సోయా ఇచ్చింది. మన పక్కనే రుద్రూర్‌లో చెరుకు, వరి పరిశోధన స్థానం ఉంది. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ సాంబ మసూరి జన్యువును సరిచేసి చేసిన డీఆర్‌ఆర్ ధన్ 100ను 2025 మే నెలలో ప్రకటించారు. ఒక జన్యువును ఎంచుకొని మార్చే పని హైదరాబాద్‌లోనే జరుగుతున్నప్పుడు, సోయాలో పీ34 మనవల్ల కాదని ఎట్లంటాం? నాకైతే గింజలు వెతికి సంకరం చేసే దారే ఇష్టం. అది నెమ్మది గానీ ఆ విత్తనం మీద ఎవరి పేటెంటు నీడా పడదు. మన సోయా జీఎం కాదన్న పేరు కూడా నిలుస్తుంది.

సోయాకు ఇంకో గుణముంది. పువ్వు తనలో తానే పరాగం చేసుకుంటుంది. పక్క చేను పుప్పొడి కలిసేది అతి తక్కువ. కాబట్టి ఒకసారి ఆ గుణం నిలిచిన విత్తనం రైతు చేతికి వస్తే, ప్రతి ఏడూ 30 కిలోల సంచి కొనాల్సిన పని లేదు. గోనెపట్టాలో 100 గింజలు చుట్టి తడిపి, 70కి పైగా మొలిస్తే మన విత్తనం మనమే వేసుకోవచ్చు. సోయా రైతుకు ఇది అలవాటే. కంపెనీకి నచ్చనిదీ ఇదే. రైతు దాచుకోగలిగే విత్తనంలో కంపెనీకి లాభం లేదు. కాబట్టి కంపెనీ ఈ గుణాన్ని తెస్తే విత్తనం అమ్మి ఊరుకోదు, కాగితం మీద సంతకం పెట్టించుకుంటుంది. మా విత్తనమే వేయాలి, మాకే అమ్మాలి, దాచుకోవద్దు, పక్కవాడికి ఇవ్వద్దు అని.

నేను ఊహించి భయపెడుతున్నానా? 2019లో గుజరాత్‌లో పెప్సీకో తన చిప్స్ ఆలుగడ్డ రకం పండించారని కొందరు రైతుల మీద ఒక్కొక్కరికి కోటి రూపాయలకు పైగా నష్టపరిహారం అడుగుతూ కోర్టుకు పోయింది. 2001 నాటి మొక్క రకాల, రైతు హక్కుల చట్టం ప్రకారం రైతు విత్తనం దాచుకోవచ్చు, వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవచ్చు. అది తెలిసే కోర్టుకు పోయింది. దేశమంతా గొడవ అయ్యాక కేసులు వెనక్కు తీసుకుంది. ఆ రకం రిజిస్ట్రేషన్‌ను 2021 డిసెంబరులో రద్దు చేశారు. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. చూశారా, ఆలుగడ్డ దగ్గరే ఇంత యుద్ధం. "పసిపిల్లల ప్రాణాలకు సంబంధించిన ప్రత్యేక సోయా" అంటే ఆ కాగితంలో ఎన్ని షరతులుంటాయో ఆలోచించండి.

ఆ షరతుల్లో మనల్ని ముంచేది కల్తీ షరతు. బతుకమ్మ కాడ చెంచా గుర్తుపెట్టుకోండి. మన సోయా కోతకు వచ్చాక ఏం జరుగుతుంది? కోత మిషన్ పొద్దున ఒకరి చేన్లో, మధ్యాహ్నం ఇంకొకరి చేన్లో. నూర్పిడి మిషన్ నిన్న మక్కలు పట్టింది, ఇవాళ సోయా. జల్లెళ్ల మీద, మిషన్ మూలల్లో పాత గింజ ఎంత మిగులుతుందో మిషన్ నడిపేవాళ్లను అడగండి. ఆ తర్వాత సంచులు. ఏ సంచి కొత్తది? కల్లం మీద పట్టా ఒకటే, ట్రాలీ ఒకటే, యార్డులో రాశి పక్కన రాశి, హమాలీ చీపురు ఒకటే. ఎలర్జీ తక్కువ సోయా పది ఎకరాల్లో శుద్ధంగా పండినా, ఒక్క రాత్రిలో మామూలు సోయాతో కలిసిపోతుంది. పుప్పొడితో కాదు, మిషన్‌తో, సంచితో. రేపు ఎక్కడో ఏ పిల్లవాడికో ఏదైనా అయితే కంపెనీ వేలు ఎవరి వైపు చూపుతుంది? సంతకం పెట్టిన రైతు వైపు.

అమెరికాలో ఇట్లాంటిది జరిగింది. అవెంటిస్ అనే కంపెనీ స్టార్‌లింక్ అనే జీఎం మక్క విత్తనం అమ్మింది. అందులోని ప్రొటీన్ ఎలర్జీ తెస్తుందేమో అన్న అనుమానంతో పశువుల దాణాకే అనుమతి ఇచ్చారు. 2000 సెప్టెంబరులో అది మనుషులు తినే రొట్టెల్లో తేలింది. వందల రకాల సరుకు దుకాణాల నుంచి వెనక్కు తీశారు. ఇబ్బంది పడ్డామన్న 28 మందిని ప్రభుత్వ సంస్థ పరీక్షిస్తే, ఆ ప్రొటీన్ వల్ల ఎలర్జీ వచ్చినట్టు ఆధారం దొరకలేదు. కానీ మక్కల ధర అప్పటికే దెబ్బతిన్నది. ఆ విత్తనం ముట్టని రైతులు కూడా నష్టపోయారు. కోర్టుకు పోతే 2003లో 11 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అక్కడి రైతుకు వకీలును పెట్టుకునే తాహతు ఉంది కాబట్టి అదైనా వచ్చింది.

కొత్త విత్తనం ఎలర్జీని తగ్గించడమే కాదు, కొత్తగా తేగలదు కూడా. 1990ల్లో పయనీర్ కంపెనీ సోయా దాణాలో బలం పెంచాలని బ్రెజిల్ నట్ అనే గింజ జన్యువును సోయాలో పెట్టింది. బ్రెజిల్ నట్ పడనివాళ్ల రక్తంతో పరీక్షిస్తే ఆ ఎలర్జీ సోయాలోకి వచ్చేసిందని తేలింది. 1996లో అది అచ్చయింది. కంపెనీ ఆ సోయాను మార్కెట్లోకి తేలేదు. పరీక్ష చేశారు కాబట్టి బతికిపోయారు. పరీక్ష ఎవరు చేస్తారు, కాగితాలు ఎవరి దగ్గర ఉంటాయి, మనం అడిగితే చూపిస్తారా అన్నదే ప్రశ్న. దీన్ని పట్టుకొని విత్తన పరిశోధనంతా కుట్ర అనే మిత్రులు మన సంఘంలోనూ ఉన్నారు. వాళ్లతో నేను కలవను. పరిశోధనే వద్దంటే, ఉన్న సర్కారు పరిశోధన ఆగిపోతుంది, కంపెనీది మాత్రం నడుస్తుంది.

బోధన్ వాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. 1937లో పెట్టిన నిజాం షుగర్స్, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో తాళం పడింది. చెరుకు పోయింది. శక్కర్‌నగర్ క్వార్టర్ల దిక్కు పోతే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. చెరుకు వేసిన చేన్లలో వరి, సోయా వేసుకున్నాం. 2024 వానాకాలం సోయా మద్దతు ధర క్వింటాలుకు 4,892 రూపాయలు, మార్కెట్లో అంతకన్నా తక్కువకే తెగనమ్ముకున్నాం. 2025-26కు 5,328 అని ప్రకటించారు. ప్రకటన వేరు, కాంటా వేరు. మన చేతిలోని ఫ్యాక్టరీ పోయాక రైతుకు ఏ గతి పట్టిందో చూసినవాళ్లం, మన చేతిలోని విత్తన బ్యాంకును పోనిస్తామా?

కాబట్టి సంఘం ముందు నేను పెట్టేది ఇది. జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆదిలాబాద్, రుద్రూర్ స్థానాల్లో ఈ పని మొదలుపెట్టాలె. మనకు అలవాటైన జేఎస్ 335, బాసర రకాల్లోకి పీ34 లేని గుణాన్ని, ఎన్‌ఆర్‌సీ 127లోని గుణాన్ని సంకరం ద్వారా తేవాలె. అయిదారేళ్లు కాదు, పదేళ్లే పట్టనీ. వచ్చిన విత్తనం సర్కారు విత్తనంగానే రావాలె, దాచుకునే హక్కు చెక్కుచెదరకూడదు. పల్లి విషయంలో ఇక్రిశాట్ కొలిచిన లెక్కలు రైతులకు తెలుగులో చెప్పాలె, ఏ రకంలో ఎంత ఉందో. అవి మన తాతల గింజలే కదా.

ధర మాట కూడా ముందే తేల్చుకోవాలె. శుద్ధంగా పండించాలంటే మిషన్ కడగాలి, కొత్త సంచి కావాలి, వేరే గోదాము కావాలి. ఆ ఖర్చు ఎకరాకు ఎంతవుతుందో లెక్కగట్టి మద్దతు ధర మీద అదనంగా ఇచ్చేదాకా ఎవరూ అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టొద్దు. కల్తీ జరిగితే కేసు రైతు మీదకు రాదని, రైతు బాధ్యత విత్తిన విత్తనం వరకేనని, గోదాము గేటు దాటాక కొన్నవాడిదే బాధ్యతని ఒప్పందంలో తెలుగులో రాసి ఉండాలె. ట్రిప్సిన్ ఇన్హిబిటర్ లేని సోయాను వేడి చేసే ఖర్చు తగ్గుతుంది కాబట్టి కోళ్ల దాణావాళ్లకు లాభం. ఆ లాభంలో మన వాటా మనం అడగాలె. పసిపిల్లల తిండికి పోయే సరుకు కొంచెమే ఉంటుంది, ఆ కొంచెం కోసం ఊరంతా విత్తనం మార్చుకోవాల్సిన పని లేదు. రెండు మూడు ఊళ్లు కలిసి, ఒక మిషన్, ఒక గోదాము దానికే కేటాయించుకుంటే చాలు. సహకార సంఘానికి అది చేతకాని పనేం కాదు.

విత్తనం వచ్చేదాకా పిల్లలు ఆగరు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడ్రినలిన్ ఉండాలె, దాన్ని ఎప్పుడు వేయాలో అక్కడున్న నర్సమ్మకు తెలిసి ఉండాలె. అది ఖరీదైన మందు కాదు. హాస్టల్ వంటవాళ్లకు ఏ పిల్లవాడికి ఏది పడదో రాసిన కాగితం గోడకు ఉండాలె. ఇంకొక సంగతి. 640 మంది పసిపిల్లల మీద లండన్‌లో చేసి 2015లో ప్రకటించిన పరీక్షలో, ఎలర్జీ వచ్చే అవకాశమున్న పిల్లలకు ఏడాది లోపే పల్లి తినడం మొదలుపెట్టిస్తే అయిదేళ్లకు పల్లి ఎలర్జీ బాగా తగ్గిందని తేలింది. భయపడి పల్లి మానిపించిన పిల్లల్లోనే ఎక్కువ వచ్చింది. కాబట్టి ఈ వ్యాసం చదివి ఇంట్లో పల్లి బంద్ పెట్టకండి. ఇప్పటికే పడని పిల్లలకు మాత్రం డాక్టరు చెప్పనిదే ఇలాంటి ప్రయోగాలు చేయకండి, మా పిల్లగాడి లాంటివాళ్లకు చిటికెడు చాలు.

వ్యవసాయ విశ్వవిద్యాలయానికి, జిల్లా వైద్యాధికారికి ఇచ్చే అర్జీలు రెండూ రాసి బోధన్‌లో మన సంఘం ఆఫీసులో పెట్టాను. సోయా వేసినవాళ్లు ఊరు, ఎకరాలు, ఏ రకం వేశారో రాసి సంతకం పెట్టండి. ఇంట్లో ఏదైనా తిండి పడనివాళ్లుంటే పక్కన అదీ రాయండి, పేరు అక్కర్లేదు, వయసు, ఏది పడదో చాలు. ఆ రోజు మీటింగులో నవ్విన తమ్ముడు నిన్న ఆఫీసుకు వచ్చి, వాళ్ల అమ్మకు రొయ్యలు పడవని రాసి పోయాడు.